సైదమ్మ చేట

మొన్న పొద్దున గురజాల అవతల మా సైట్లో ఫైబర్ కవరు చింపాను. చింపీ చింపగానే వెంట్రుకకన్నా సన్నటి తెల్లని పోగులు గాలిలోకి లేచి నా కనుబొమల మీద వాలాయి, చెమట పట్టిన మెడకు అంటుకున్నాయి, కొన్ని తిన్నగా ముక్కులోకే దూరాయి. వరసపెట్టి నాలుగు తుమ్ములు తుమ్మాను. తుమ్ముతూనే నవ్వుకున్నాను. ఈ పోగు ముక్కుకు తగిలినప్పుడల్లా చుట్టుపక్కల ఎక్కడా లేని మిరప ఘాటు కూడా నాకు తగులుతుంది. ఎందుకంటే నేను మొట్టమొదట వీటికి తుమ్మింది ఎండుమిర్చి బస్తాలు నిండిన ఒక గోడౌన్ ముందు కూర్చుని. ఆ రోజు నాకు ఎదురుగా కూర్చున్న మనిషి, "తుమ్ము అబ్బయ్యా, తుమ్ము. దూది పని నేర్చుకునేటోడు మూడు రోజులు తుమ్మాల," అంది. ఆమె పేరు సైదమ్మ.

కారు డిక్కీ తెరిచి వెదురు చేట బయటికి తీశాను. లావణ్య అని, నిరుడే కాలేజీ నుంచి వచ్చి మా దగ్గర చేరిన ఇంజినీరమ్మాయి, ఆ చేట వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "ఏంటి సార్, బియ్యం చెరగాలా?" అంది. పక్కనున్న మేస్త్రీలు కిసుక్కున నవ్వారు. నవ్వనీ. చేట లేకుండా నేను ఫైబర్ కాంక్రీటు పోయను. ఎందుకని అడిగితే ఎడ్లపాడు దగ్గర మేం వేసిన యార్డు కథ చెప్పాలి. అది మొదలుపెడితే నాకు కాలు ఒకచోట నిలవదు.

కాంక్రీటు సంగతి తెలియని వాళ్ళకు ముందు ఒక్క మాట. కాంక్రీటు ఎంత బరువైనా మోస్తుంది, లాగితే మాత్రం తట్టుకోదు. పోసిన రోజే ఎండకూ గాలికీ పైపొర గబగబా ఆరి ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు తనను తానే లాక్కుని పగులుతుంది. లోపలెక్కడో వేసిన ఇనుప చువ్వకు ఆ పైపొర అందదు. అందుకే ఈ పోగులు. అరంగుళం పొడవైనా ఉండని ప్లాస్టిక్ దారాలు లక్షలుగా అంతటా పరుచుకుని, పగులు పుట్టబోయే చోటే దాన్ని అటూ ఇటూ పట్టి ఆపుతాయి. మట్టిగోడ పెట్టేటప్పుడు బురదలో వరిగడ్డి తొక్కించేవాళ్ళే, అదే ఉపాయం. వినడానికి చిన్న విషయం. కానీ మొదటిసారి నా కళ్ళతో చూసినప్పుడు నేను గంతులేశాను. ఎవరేమనుకున్నా అది నిజం.

అప్పటికి నరసరావుపేటలో ఒక కాంట్రాక్టరు గారి దగ్గర చేరి ఏడాది కూడా కాలేదు. చేతిలో కొత్త డిగ్రీ, తల నిండా పొగరు. ఎడ్లపాడు దగ్గర ఒక ఊళ్ళో రైతులంతా కలిసి మిర్చి గోడౌన్ కట్టుకుంటే, దాని ముందు లారీలు తిరిగే యార్డు పోయించే పని నాకు అప్పజెప్పారు. మండుటెండలో, వడగాలిలో, మిట్టమధ్యాహ్నం పోయించాను. సాయంత్రానికల్లా నేలంతా గీతలు. రైతుల పెద్ద కోటయ్య గారు చేతికర్రతో ఒక్కో గీతనూ చూపిస్తూ, "ఇదేందయ్యా, మా చేలో నెర్రెలు నడుచుకుంటా ఇక్కడిదాకా వచ్చినయ్యే!" అన్నారు. ఆయన ఎగతాళి చేస్తున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. యార్డు కింద ఉన్నది నల్లరేగడి. వానకాలంలో ఆ పగుళ్ళలోంచి నీళ్ళు దిగితే రేగడి ఉబ్బి నేలను ఎత్తేస్తుంది. అప్పుడు లారీ గోడౌన్ దాకా రాదు, బస్తాలు వానలో తడుస్తూ తలల మీద మోసుకోవాలి. తడిసిన మిర్చి ఎవరు కొంటారు? వానలకు నెల రోజులు కూడా లేవు.

కాంట్రాక్టరు గారు అరవలేదు, అరిచినా బాగుండేది. "అంతా తవ్వి మళ్ళీ పోస్తాం. ఈసారి కూడా పగిలితే నువ్వు ఇంటికెళ్ళి ఇంకో పని చూసుకో," అన్నారు. ఫైబర్ వేద్దాం సార్, నేను చదివాను, గీత కూడా పడదు అని ఆ క్షణంలోనే బీరాలు పలికాను. చదివిన మాట నిజం. చేత్తో ముట్టుకున్నది మాత్రం లేదు.

సైదమ్మ మా కూలీల ముఠాలో మిల్లరు దగ్గర పనిచేసేది. మిల్లరంటే కాంక్రీటు కలిపే మిషను, మా వైపు అందరూ దాన్ని అలాగే అంటారు. యాభై దాటిన మనిషి, సన్నగా, కొంచెం వంగి, చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు. వాళ్ళది నరసరావుపేటలో తరతరాలుగా దూదేకి పరుపులు కుట్టే ఇల్లు. ఫోము పరుపులొచ్చాక ఆ పనికి పిలుపులు తగ్గాయి. భర్త పోయాక పూర్తిగా ఆగిపోయాయి. అప్పట్నుంచి ఆమె కంకర గంపలెత్తుతోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజుకు నా లెక్కలో ఆమె మిల్లరు దగ్గర గంపెత్తే ముసలమ్మ, అంతే.

పగిలిన నేలంతా తవ్వి తీశాక, ముందు మూలన ఒక చిన్న ముక్క పోసి చూద్దామనుకున్నాం. మిల్లరు తిరుగుతోంది. నేను ఫైబర్ కవరు చింపి మొత్తం గుమ్మరించబోతే, "అంతా ఒక్కసారే వద్దు అబ్బయ్యా," అని వెనకనుంచి ఆమె గొంతు వినపడింది. నేను వినిపించుకోలేదు, గుమ్మరించేశాను. కాంక్రీటు బిర్రబిగుసుకుపోయి కనిపించింది. గట్టిగా కనిపిస్తే ప్రతి ముఠా చేసే పనే నేనూ చేశాను. "నీళ్ళు కొట్టండి!" అని అరిచాను. రెండు చెంబులు పోసేసరికి జావలాగా జారింది, బ్రహ్మాండంగా ఉందనుకున్నాను.

మర్నాడు పొద్దున చూస్తే ఆ ముక్క నిండా గుంటలు, ఉండలు, వాటి పక్కన, నీళ్ళు ఎక్కువైనందుకు, మళ్ళీ గీతలు. మధ్యాహ్నం కాంట్రాక్టరు గారూ కోటయ్య గారూ చూడటానికి వస్తారు. ఎవరూ చూడకుండా బకెట్లో సిమెంటు పాలు కలుపుకుని, గోనెగుడ్డతో ఆ గుంటల మీద రాయడం మొదలుపెట్టాను. రాస్తూంటే పక్కన ఎవరో వచ్చి గొంతుక్కూర్చున్నారు.

"ఏంది అబ్బయ్యా, పుండు మీద పౌడరు రాస్తన్నావు?"

సైదమ్మ. సమాధానం కోసం కూడా ఆగలేదు. నేను రాసిన చోట గోటితో గీరింది. పలుచటి పొర లేచి వచ్చింది. దాని కింద వేలు పెట్టి ఒక ఉండ పైకి లాగింది. సిమెంటు అంటనే లేదు, లోపలంతా పొడిగా తెల్లటి పీచు. "చూడు, ఎలకలు కొట్టిన పరుపులో దూది ఇట్టనే వస్తది," అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఇది దూది కాదు పిన్నీ. దీని పేరు పాలీప్రొపిలీన్. నీకేం తెలుసు?"

"పేరు ఏదైతే ఏంది, పోగేగా! పోగనేది ఎప్పుడూ పక్కన పోగును పట్టుకునే ఉంటది. దాన్ని ఇడదియ్యకుండా ఏస్తే సిమెంటును పట్టుకోదు. దాన్ని అదే పట్టుకుని కూకుంటది." ఆ ఉండ నా అరచేతిలో పెట్టింది. "ముందు దీన్ని పగలగొట్టు. వాళ్ళొచ్చి చూసేలోపల నువ్వే పగలగొట్టు."

ఇంజినీరింగ్ నాలుగేళ్ళలో ఎవరూ నాకు అంత తేలిగ్గా చెప్పలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు, సమ్మెట తీసుకుని నేనే పగలగొట్టాను. కాంట్రాక్టరు గారు వచ్చేసరికి మూలన ఉన్నది ముక్కల కుప్ప. "కలపడం నాకు చేతకాలేదు సార్. ఒక్క రోజు ఇవ్వండి," అన్నాను. ఆయన కుప్పను చూశారు, నన్ను చూశారు. "ఒక్కటే రోజు," అని వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం ట్రాక్టరు ట్రక్కు నీడలో నాకు బడి మొదలైంది. ముందు సైదమ్మ ఇంటికి కబురు పెట్టి భర్త దూదేకిన విల్లు తెప్పించింది. గోడకు తగిలించి ఉన్న ఆ విల్లును ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. నారి మీటగానే బయ్‌మని మోగింది. ఆమె మొహం వెలిగిపోయింది. మరుక్షణం కవరులో ఉన్న ఫైబర్ సగం గాలిలోకి ఎగిరి యార్డంతా కమ్ముకుంది. కోటయ్య గారి మీసాలు తెల్లబడ్డాయి, గంపలెత్తే ఆడవాళ్ళ జుట్లన్నీ నెరిశాయి, నేను తుమ్ముతూ కూలబడ్డాను. సైదమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "దీనికి విల్లు దెబ్బ చానా ఎక్కువ. ఇది వట్టి ఎగుర్లమారిది," అని విల్లు పక్కన పెట్టేసింది.

తర్వాత చేట తెమ్మంది. పిడికెడు ఫైబర్ చేటలో వేసుకుని, రెండు చేతుల వేళ్ళతో పైపైన లాగుతూ పోగు నుంచి పోగును విడదీసింది. విడిపోయినవాటిని చేట అంచుకు చెరిగి, అక్కడ మళ్ళీ ఉండ కట్టినవాటిని వెనక్కి లాగింది. చిటికెడు ఎత్తి ఎండకు పట్టి ఉఫ్‌మని ఊదింది. ఒక్కొక్కటిగా ఎగిరితే అయినట్టు, గుంపుగా పడితే మళ్ళీ విడదీయాల్సిందే. నేనూ కూర్చున్నాను. నా చేతిలో ప్రతిదీ ఉండే అయింది.

"పిడికిలి బిగించబాక. నువ్వు బిగిస్తే అదీ బిగుసుద్ది. వేళ్ళు వదులు."

ఎంతసేపు తిప్పలు పడ్డానో. మిగిలిన ఆడవాళ్ళు గంపలు దించి మా చుట్టూ చేరారు, చూసి నవ్వారు, వాళ్ళూ తలా కాస్త తీసుకుని విడదీశారు. పొద్దు వాలుతుండగా నేను విడదీసిన చిటికెడు కూడా ఊదితే ఒక్కొక్కటిగా లేచింది. "అబ్బో, వచ్చింది!" అని సైదమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. పరీక్ష పాసయినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

మర్నాడు ఎండ ఎక్కకముందే అయిపోవాలని తెల్లవారుతూనే యార్డు పోయడం మొదలుపెట్టాం. కంకర, ఇసుక మిల్లరులో పొడిగా తిరుగుతుంటే సైదమ్మ పక్కన నిలబడి చేటను వాలుగా పట్టి చెరుగుతూ పోగులు రాల్చింది. అవి కంకరలోకి తెల్లగా జారి మాయమయ్యాయి. ఆ తర్వాతే సిమెంటు, ఆ తర్వాతే నీళ్ళు. కాంక్రీటు మళ్ళీ గట్టిగానే కనిపించింది. మేస్త్రి అలవాటుగా, "నీళ్ళు కొట్టండి!" అన్నాడు. సైదమ్మ నీళ్ళ డ్రమ్ము మీద మూత వేసి, చెంబు చంకలో పెట్టుకుని, డ్రమ్ము మీదే కూర్చుంది.

"నన్ను లేపి కొట్టుకోండి," అంది. ఎవడు లేపుతాడు! నేను వైబ్రేటర్ పెట్టమన్నాను. గట్టిగా కనిపించిన కుప్ప వణికి, మెత్తగా జరిగి, సర్దుకుని నున్నగా పడుకుంది. అమ్మయ్య అనుకున్నాను. గట్టిదనం చూపులోనే గానీ పనిలో లేదు.

తడి గోనెపట్టాలు కప్పాం. మధ్యాహ్నం వడగాలి మొదలైంది. అన్నం సహించలేదు. పట్టా ఎత్తడం, మోకాళ్ళ మీద పాకుతూ చూడటం, తడిపి కప్పడం, మళ్ళీ ఎత్తడం. నేను ఒక పక్క, సైదమ్మ ఒక పక్క, కర్ర పక్కన పడేసి కోటయ్య గారు ఇంకో పక్క. క్రితంసారి గీతలు పడిన వేళ దాటింది. ఇంకో గంట దాటింది. పొద్దు వాలింది. కోటయ్య గారు గోటితో ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసుకుంటూ వచ్చి, లేచి, "ఏదయ్యా నీ నెర్రె? ఒక్కటి చూపించు!" అని కేకేశారు. లేదు! ఒక్కటీ లేదు! నేను యార్డు పక్క మట్టిలో నిజంగానే గంతులేశాను. పట్టాలు తీశాక పైన అక్కడక్కడా పోగుల కొసలు పైకి లేచి కనిపించాయి. "నేలకు గడ్డం మొలిచిందిరోయ్," అని సైదమ్మ చీపురు తెచ్చి తనే ఊడ్చింది.

ఇక్కడిదాకా చెప్పడం నాకు ఇష్టం. ఇక ముందుది ఇష్టం లేకపోయినా చెప్పాలి. వారం తర్వాత కాంట్రాక్టరు గారు తన స్నేహితులు ఇద్దరిని, వాళ్ళూ కాంట్రాక్టర్లే, యార్డు చూడటానికి వెంటబెట్టుకొచ్చారు. నేల మీద ఇటూ అటూ నడిచి, "ఈ కలపడం ఎక్కడ నేర్చుకున్నావోయ్?" అని వాళ్ళలో ఒకాయన నన్ను అడిగారు. నా ఉద్యోగం అప్పుడప్పుడే ఒడ్డున పడుతోంది. గంపెత్తే మనిషి దగ్గర నేర్చుకున్నానంటే ఏమనుకుంటారో అని నిజం చెప్పడానికి నోరు రాలేదు. "పుస్తకంలో చదివాను సార్," అన్నాను. నాలుగు అడుగుల దూరంలో సైదమ్మ మిల్లరు కడుగుతోంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కడగసాగింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఆ సాయంత్రమే ముఠా ఇంకో పనికి మాచర్ల వైపు వెళుతోంది. ట్రాక్టరు ఎక్కబోతూ సైదమ్మ నా దగ్గరికొచ్చి చేట చేతికిచ్చింది. ఇచ్చే ముందు ఆగి, నేల మీద మిగిలిన కవరులోంచి పిడికెడు ఫైబర్ తీసి అందులో వేసింది. "ఖాళీ చేట చేతికియ్యగూడదు," అంది. తర్వాత నా మొహంలోకి చూసి, కోపం లేకుండా, నవ్వుతూనే అడిగింది.

"పుస్తకంలో చేట బొమ్మ ఉందా అబ్బయ్యా?"

ట్రాక్టరు వెళ్ళిపోయింది.

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు బండేసుకుని యార్డుకు పరిగెత్తాను. చుట్టూ చేలన్నీ బురద. యార్డు మాత్రం కడిగిన పళ్ళెంలా ఉంది. దాని మీద లారీ నిలబడి ఉంది, పొడి బస్తాలు ఎక్కుతున్నాయి. ఆ సంతోషంలో ఇక ఆగలేకపోయాను. కోటయ్య గారిని బండి మీద ఎక్కించుకుని తిన్నగా పేటలో సైదమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. వానకు మాచర్ల పని ఆగి ఆమె ఇంట్లోనే ఉంది. గుమ్మంలో నిలబడే, "కోటయ్య గారూ, ఆ యార్డు నిలబెట్టింది నేను కాదండీ, ఈవిడ. పుస్తకంలో చదివానని అబద్ధమాడాను," అన్నాను. ఒక్క గుక్కలో చెప్పేసి ఊపిరి పీల్చుకున్నాను.

కోటయ్య గారు నింపాదిగా చెప్పులు విడిచి లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నారు. "మాకు ఆనాడే తెలుసయ్యా. డ్రమ్ము మీద కూకుంది నువ్వా ఏంది? ఊరు ఊరంతా దాన్ని సైదమ్మ యార్డనే అంటన్నారు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తన్నాం," అన్నారు. సైదమ్మ పగలబడి నవ్వింది. నేను ఏడ్చాను, ఎందుకు దాచడం. ఆమె టీ పెట్టడానికి లేస్తూ, "కాంట్రాక్టరుకు కూడా చెప్పు. ఆయనకే తెలవదు," అంది. చెప్పాను. మర్నాడే చెప్పాను. ఆయన నన్ను పనిలోంచి తీసేయలేదు, ఆమెను మాచర్ల పని మాన్పించి పిలిపించి ఫైబర్ పని వచ్చిన ప్రతి చోటా మిల్లరు దగ్గర పెద్దగా నిలబెట్టారు. ఆ తర్వాత నేను ఆమెతో ఎన్ని నేలలు పోశానో. మోకాళ్ళు ఒప్పుకున్నంత వరకూ వచ్చింది. నిరుడు వానకాలంలో పోయింది. ఆమెకు మట్టి ఇవ్వడానికి వెళ్ళినవాళ్ళలో సగం మంది చేతులకు సిమెంటు పగుళ్ళున్నవాళ్ళమే.

మొన్న గురజాలలో మిల్లరు తిరుగుతుంటే చేట లావణ్యకు ఇచ్చాను. నవ్వుతూనే తీసుకుంది, పిడికిలి నిండా పట్టి విసరబోయింది. "పిడికిలి బిగించబాక. వేళ్ళు వదులు," అన్నాను. ఆ మాట నా గొంతులోంచి నా యాసలో రాలేదు, ఆమె యాసలోనే వచ్చింది. లావణ్య వేళ్ళు వదిలింది. చాలాసేపు తిప్పలు పడింది, తుమ్మింది, విసుక్కుంది. చివరికి చిటికెడు తీసి ఊదితే పోగులు ఒక్కొక్కటిగా ఎండలోకి లేచాయి. "సార్, వచ్చింది!" అని ఎగిరి గంతేసింది. తర్వాత, "ఇది ఏ పుస్తకంలో ఉంది సార్?" అని అడిగింది.

మేస్త్రీలు, కూలీలు, మిల్లరు దగ్గర ఆడవాళ్ళు, అందరికీ వినపడేలా చెప్పాను. "ఏ పుస్తకంలోనూ లేదమ్మా. నరసరావుపేట సైదమ్మ నేర్పింది."

పని అయ్యాక లావణ్య చేట దులిపి నాకు తిరిగి ఇవ్వబోయింది. ఉంచుకోమన్నాను. డిక్కీలో పెట్టుకోవడానికి నేను ఇంకోటి కొనుక్కుంటాను. ఆమె చేతిలోంచి చేట ఒకసారి తీసుకుని, కవరులో మిగిలిన ఫైబర్ పిడికెడు అందులో వేసి, అప్పుడు ఇచ్చాను.